మూడు నెలల పిట్ట, ఆరున్నర వేల కిలోమీటర్లు

అక్టోబరులో నెల్లూరు తీరానికి వెళ్లి బురదలో తిరిగే చిన్న పిట్టల్ని చూసినవాళ్లు, ఉత్తరాన చలి మొదలైంది కాబట్టి పెద్దా పిన్నా అన్నీ కలిసి గుంపుగా దిగాయని అనుకుంటారు. కొన్ని పక్షుల విషయంలో అది నిజమే. బార్‌హెడెడ్ గూస్ లాంటి పెద్దబాతుల పిల్లలు తల్లిదండ్రుల వెంటే హిమాలయాలు దాటి వస్తాయి. దారి చూపించేది పెద్దవే. మన తీరంలో వందల సంఖ్యలో కనపడే ఉల్లంకి పిట్టల లెక్క వేరు. వాటిలో పెద్దవి ముందే వచ్చేస్తాయి. పిల్లలు నెలా నెలన్నర తర్వాత, ఎప్పుడూ చూడని దారిలో, తల్లీ తండ్రీ తోడు లేకుండా వస్తాయి. అక్టోబరులో తీరానికి వెళ్లడంలో ఉన్న గొప్ప ఆకర్షణ, నా దృష్టిలో, ఈ పిల్లల్ని చూడగలగడమే.

వాటిలో ఒకదాన్ని తీసుకుందాం. కర్ల్యూ శాండ్‌పైపర్ అంటారు. పావురం కన్నా బాగా చిన్నది, ముక్కు పొడవుగా ఉండి చివర కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. సైబీరియా ఉత్తరపు అంచున, తైమీర్ ద్వీపకల్పం చుట్టుపక్కల, చెట్టన్నది లేని టండ్రా నేలలో గుడ్లు పెడుతుంది. జూన్‌లో జత కడుతుంది. మగపిట్ట పొదగదు, పిల్లల్ని చూడదు. జూలై మొదట్లోనే దక్షిణానికి బయలుదేరిపోతుంది. ఆడపిట్ట ఒక్కతే మూడు వారాలు పొదిగి పిల్లల్ని లేపుతుంది. ఆ పిల్లలు పుట్టిన రోజు నుంచే తమ తిండి తామే ఏరుకుంటాయి. తల్లి చేసేదల్లా చలికి రెక్కల కింద దాచుకోవడం, నక్క వస్తే అరిచి హెచ్చరించడం. వాటికి ఎగరడం వచ్చే వేళకు ఆమె కూడా వెళ్లిపోతుంది. ఇక ఆ నేల మీద మిగిలేది ఆ ఏడాది పిల్లలే. కొన్ని వారాలు పురుగులు తిని, కొవ్వు పట్టించుకుని, ఆగస్టులో అవీ లేస్తాయి. తైమీర్ నుంచి నెల్లూరుకు నేరుగా గీత గీసినా ఆరున్నర వేల కిలోమీటర్ల పైమాటే.

దసరా సెలవుల్లో పక్షుల్ని చూసే మా గుంపు నెల్లూరు తీరంలోని ఇస్కపల్లి వైపు వెళ్లింది. స్కూలు టీచర్లు, కాలేజీ కుర్రాళ్లు, బ్యాంకులో పనిచేసే ఇద్దరు, వాళ్ల పిల్లలు. తెల్లవారకముందే టెంపోలో బయలుదేరి అల్లూరు దాటేసరికి తూర్పున ఎరుపు తిరిగింది. మన తీరంలో పొద్దున పూట సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు కాబట్టి సముద్రానికి వీపు పెట్టి, పడమటి వైపు చూస్తూ నిలబడాలి. అప్పుడే రంగులు తెలుస్తాయి. ఎదురెండలో చూస్తే అన్నీ నల్లటి నీడలే. ఉప్పుసాగు ఆ ఏటికి ముగింపుకొచ్చింది. మడుల్లో అరచేతి లోతు నీళ్లు, గట్ల మీద తెల్లగా ఎండిన ఉప్పు, మధ్యలో బురద దిబ్బలు. ఆ బురద మీద పిట్టలు.

మాతో వచ్చిన ఏడో తరగతి పాప స్కోపు అనే దూరదర్శినిలో చాలాసేపు చూసి, "మేడమ్, పిల్లలన్నారు కదా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయే?" అని అడిగింది. అసలు ప్రశ్న అదే. ఇక్కడికి చేరేసరికి పిల్ల ఎత్తులోనూ రెక్కలోనూ పెద్ద పిట్టంత ఉంటుంది. సైజు చూసి పోల్చలేం. ఈకలు చూడాలి.

ఆ పాపకు రెండు పిట్టల్ని పక్కపక్కన చూపించే వీలు దొరికింది. కుడివైపు పిట్ట వీపు మీద ప్రతి ఈకకూ చుట్టూ లేత గోధుమ రంగు అంచు, అంచుకు లోపల సన్నటి నల్ల గీత. చేప పొలుసులు వరసగా పేర్చినట్టు వీపంతా ఒకే తీరు. రొమ్ము మీద పలుచగా పసుపు కలిసిన గులాబీ ఛాయ. ఒక్క ఈక కూడా చిరగలేదు. ఎడమవైపు దాని వీపు చాలావరకు బూడిద రంగు, మధ్య మధ్య రంగు వెలిసి అంచులు అరిగిన ఇటుక రంగు ఈకలు నాలుగైదు. అది రెక్క చాచినప్పుడు ఒకచోట ఈకలు రాలి ఖాళీ కనపడింది.

కుడివైపుది పిల్ల. దాని ఒంటి మీద ఈకలన్నీ కొద్ది వారాల్లో ఒకేసారి మొలిచాయి, అందుకే అన్నీ ఒకే వయసు, ఒకే నునుపు. ఎడమది పెద్దది. జత కట్టే రోజుల్లో దాని ఒళ్లంతా ఇటుక ఎరుపు. ఆగస్టులోనో సెప్టెంబరులోనో వచ్చి, తీరిగ్గా పాత ఈకలు రాల్చి బూడిద రంగువి తొడుక్కుంటోంది. ఈక మొలవడానికి చాలా తిండి కావాలి, రెక్కలో ఖాళీలతో దూరం ఎగరడం కష్టం. కాబట్టి ప్రయాణం అయ్యాకే ఆ పని పెట్టుకుంటుంది. పక్కనే తిరుగుతున్న లిటిల్ స్టింట్లలోనూ ఇలాగే తేడా పట్టవచ్చు. పాతిక గ్రాములు తూగే ఆ బుల్లి పిట్టల్లో పిల్లలకు వీపు మీద రెండు తెల్లటి గీతలు V ఆకారంలో స్పష్టంగా ఉంటాయి.

మరి పిల్లలకు దారి ఎవరు చెప్పారు? దీని మీద బాగా పేరుపడ్డ ప్రయోగం 1950ల్లో నెదర్లాండ్స్‌లో జరిగింది. పెర్డెక్ అనే శాస్త్రవేత్త వలస పోతున్న స్టార్లింగ్ పిట్టల్ని, మన గోరింకకు దగ్గరి బంధువుల్ని, 11,000కు పైగా పట్టించి, కాళ్లకు రింగులు వేయించి, విమానంలో స్విట్జర్లాండ్‌కు చేర్చి వదిలించాడు. ఇంగ్లండు, ఉత్తర ఫ్రాన్స్ వాటి మామూలు శీతాకాలపు చోటు. పెద్ద పిట్టలు తాము తప్పు చోట ఉన్నామని గ్రహించి, దిక్కు మార్చుకుని ఆ పాత చోటు వైపే వెళ్లాయి. పిల్లలు మాత్రం నెదర్లాండ్స్ నుంచి ఏ దిక్కుకు వెళ్లాలో ఆ దిక్కుకే సూటిగా పోయి దక్షిణ ఫ్రాన్స్‌లోనూ స్పెయిన్‌లోనూ తేలాయి. అంటే పిల్లకు తెలిసింది దిక్కు, దూరం. గమ్యం ఎక్కడుందో తెలియదు. అది ఒకసారి వెళ్లి వచ్చాకే పట్టుబడుతుంది.

ఆ దిక్కు వారసత్వంగా వస్తుందనడానికి జర్మనీలో బ్లాక్‌క్యాప్ అనే చిన్న పిట్టల మీద చేసిన పని సాక్ష్యం. శరదృతువులో నైరుతికి పోయే తెగనూ ఆగ్నేయానికి పోయే తెగనూ జత కట్టిస్తే పుట్టిన పిల్లలు రెండింటికీ నడుమ, దక్షిణానికి మొగ్గు చూపాయి. 1991లో హెల్బిగ్ అనే శాస్త్రవేత్త దీన్ని ప్రచురించాడు. ఆ దిక్కును ఆకాశంలో గుర్తుపట్టడానికి పక్షులకు భూమి అయస్కాంత క్షేత్రం, సూర్యుడు, నక్షత్రాలు అన్నీ పనికొస్తాయి. అమెరికాలో ఎమ్లెన్ అనే శాస్త్రవేత్త ఇండిగో బంటింగ్ అనే చిన్న పిట్ట పిల్లల్ని, కృత్రిమంగా నక్షత్రాల్ని చూపే ప్లానెటేరియంలో పెంచి చూశాడు. రాత్రి ఆకాశం ఏ బిందువు చుట్టూ తిరుగుతోందో గమనించి, ఆ బిందువును ఉత్తరంగా అవి నేర్చుకున్నాయి. తిరిగే కేంద్రాన్ని కావాలని వేరే నక్షత్రం దగ్గరికి మారిస్తే దాన్నే ఉత్తరమనుకున్నాయి. ఇవన్నీ చెట్ల మీద వాలే చిన్న పిట్టల మీద చేసిన ప్రయోగాలు. తీరపు పిట్టల్ని బోనులో పెంచి ఇలా పరీక్షించడం చాలా కష్టం. అయితే వాటి సత్తా ఏమిటో ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు చెప్పాయి. 2022 అక్టోబరులో బార్‌టెయిల్డ్ గాడ్విట్ అనే తీరపు పిట్ట పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు పదకొండు రోజుల్లో ఎక్కడా వాలకుండా ఎగిరింది. దాని వయసు ఐదు నెలలు. మన తీరానికి మామూలుగా వచ్చే బ్లాక్‌టెయిల్డ్ గాడ్విట్ దానికి దగ్గరి చుట్టమే.

అంత దూరం ఎగరడానికి ఇంధనం కొవ్వు. గ్రాముకు పిండిపదార్థం కన్నా రెట్టింపు శక్తినిస్తుంది, కరిగినప్పుడు కొంత నీళ్లు కూడా ఇస్తుంది. అలాస్కాలో బయలుదేరిన గాడ్విట్ పిల్లల్ని కోసి చూస్తే ఒంటి బరువులో సగానికి పైగా కొవ్వే ఉంది. జీర్ణాశయం, పేగులు మాత్రం కుదించుకుపోయి ఉన్నాయి. గాలిలో ఉన్నన్నాళ్లూ తిండి లేదు, ఇక ఆ బరువు మోయడం దండగ. దిగాక పేగులు మళ్లీ పెరగాలి. అందుకే కొత్తగా దిగిన పిట్ట తలెత్తకుండా తింటూనే ఉంటుంది. అలాంటప్పుడు ఫొటో కోసం దగ్గరికి పోయి లేపేస్తే దానికి నిజమైన నష్టం. మా గుంపులో ఈ విషయంలో కచ్చితంగా ఉంటాం. పిట్ట తినడం ఆపి తలెత్తి చూసిందంటే ఇక అడుగు ముందుకు వేయకూడదు.

అవి తినేది ఎక్కడ అన్నదాంట్లో మన తీరానికి ఒక ప్రత్యేకత ఉంది. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దగ్గర పోటు పది మీటర్ల దాకా లేస్తుంది. ఆటు వేళ కిలోమీటర్ల కొద్దీ బురద బయటపడుతుంది. మన దగ్గర ఆటుపోట్ల మధ్య తేడా మీటరుకు అటూ ఇటూ. మైపాడులో నిలబడి చూస్తే ఎప్పుడూ ఇసుకే, బురద కాదు. కాబట్టి ఇక్కడ పిట్టలకు ఆధారం సముద్రపు ఒడ్డు కాదు, దాని వెనకున్న చోట్లు. పెన్నా కలిసే మొగ, ఉప్పుటేళ్ల అంచులు, ఉప్పు మడులు, పంట తీసి నీళ్లు వదిలేసిన రొయ్యల గుంటలు, దక్షిణాన పులికాట్. లిటిల్ స్టింట్ కాలు రెండు సెంటీమీటర్లు. నీళ్లు రెండు వేళ్లకు మించితే దానికి ఆ మడి లేనట్టే. గాడ్విట్‌కు బెత్తెడు లోతైనా ఫర్వాలేదు. మోకాలి లోతులో దిగే రాజహంసకు (ఫ్లెమింగోకు) ఇంకా వెసులుబాటు. ఒకే మడిలో మూల మూలకూ వేర్వేరు పిట్టలు కనపడటానికి కారణం ఈ లోతు తేడాయే.

గట్టు మీద పనిచేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "వాన పడిందాకే సార్ ఇక్కడ. తుపాను పట్టిందంటే మడులన్నీ నిండిపోతాయి, అప్పుడు లోపలికి పోతాయివి" అన్నాడు. ఈశాన్య రుతుపవనం మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో మొదలవుతుంది, నెల్లూరు ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే పడుతుంది. ఏ పక్షుల పుస్తకంలోనూ నెల్లూరు గురించి ఆ పెద్దాయన చెప్పినంత సూటిగా రాసి ఉండదు. వానకు ముందు మూడు నాలుగు వారాలు, నీళ్లు పలచగా ఉన్నప్పుడు, పిల్లలు దిగడం ఒక అవకాశం. ఆ చోట్లు పోతే ఆ అవకాశమూ పోతుంది. ఉప్పు మడి లోతుగా తవ్వి రొయ్యల చెరువు చేస్తే, మీటరున్నర నీళ్లలో స్టింట్‌కు పనేమీ లేదు. చెరువు మీద వలలు కడతారు కూడా. రైతును తప్పుపట్టలేం. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చిందంటే లక్షల్లో పోతుంది, ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పక్షులు రోగం మోస్తాయన్న భయం ఆయనది. కానీ పంటకు పంటకు మధ్య చెరువు ఎండగట్టే రోజుల్లో ఆ బురదను పిట్టలకు వదిలేస్తే ఎవరికీ నష్టం లేదు. అప్పుడు వల ఎత్తి కట్టుకోవచ్చు. ఇది తీరంలో విస్తృతంగా జరగాలని నా కోరిక. కర్ల్యూ శాండ్‌పైపర్‌ను 2024లో, అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ జాబితా అయిన రెడ్ లిస్ట్‌లో ఒక మెట్టు పైకి, ‘వల్నరబుల్’ (ముప్పుకు లోనైన జాతుల) వర్గంలోకి చేర్చారు.

పిల్లల్ని గుర్తుపట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. పొడవాటి ముక్కున్న ఈ పిట్ట సైబీరియాలో ఆ ఏడు ఎలా గడిచిందో చెబుతుంది. టండ్రాలో లెమ్మింగ్ అనే ఎలుక లాంటి జంతువు ఉంది. మూడు నాలుగేళ్లకోసారి విపరీతంగా పెరిగి, ఆ తర్వాత ఒక్కసారిగా తగ్గిపోతుంది. లెమ్మింగ్‌లు దండిగా ఉన్న ఏడు నక్కలకు అవే చాలు, పిట్ట గూళ్ల జోలికి పోవు. అవి కరువైన ఏడు నక్కలు గుడ్ల మీదా పిల్లల మీదా పడతాయి. ఆ ఏటి శరదృతువులో ఆఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ కర్ల్యూ శాండ్‌పైపర్ పిల్లలు బాగా తగ్గిపోతాయి. ఆస్ట్రేలియాలో దశాబ్దాలుగా ఏటా పిట్టల్ని వలలతో పట్టి, పిల్లల శాతం లెక్కగట్టి, రింగు వేసి వదులుతున్నారు. వలలు, లైసెన్సులు లేకుండా మనం చేయగలిగింది కళ్లతో లెక్కపెట్టడం.

ఇంకొక సంగతి. తొలి ఏడాది కర్ల్యూ శాండ్‌పైపర్ పిల్లల్లో చాలా భాగం వచ్చే వేసవికి ఉత్తరానికి తిరిగి వెళ్లవు. మే నెల ఎండలో ఉప్పు మడుల్లో బూడిద రంగు ఉల్లంకులు కనపడితే, అవి దారి తప్పినవో జబ్బుపడ్డవో అని కంగారు పడనక్కర్లేదు. ఎక్కువగా పోయిన అక్టోబరులో వచ్చిన పిల్లలే అవి. రెండో ఏడు గానీ జత కట్టవు కాబట్టి, అంత దూరం పోయి రావాల్సిన పని వాటికి ఆ ఏడు లేదు.

ఈ లెక్క పెట్టాలనుకునేవాళ్లకు గడువు నవంబరు సగం వరకే. ఆ తర్వాత పిల్లలు పొలుసుల ఈకలు రాల్చి బూడిద రంగుకు మారతాయి, డిసెంబరులో స్కోపులో కూడా తేడా పట్టడం కష్టం. ఒక మడిలో స్పష్టంగా వీపు కనపడిన కర్ల్యూ శాండ్‌పైపర్లను మాత్రమే తీసుకుని, వాటిలో పొలుసుల వీపువి ఎన్నో రాసుకోవాలి. అనుమానం ఉన్నదాన్ని వదిలేయాలి. పెద్దవీ పిల్లలూ ఒకేచోట సమంగా కలిసి ఉండవు. పెద్దవి మంచి తిండి ఉన్న నడిమి బురద పట్టుకుంటే పిల్లలు తరచూ అంచులకు జరుగుతాయి. కాబట్టి ఒక్క గుంపును చూసి శాతం వేయకుండా మడి నాలుగు వైపులా తిరిగి, ప్రతి గుంపునూ విడివిడిగా లెక్కించి, తేదీ, చోటు, నీటి లోతు పక్కన రాసి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. రింగు వేసినవాళ్లు కాలికి తగిలించిన, అక్షరాలున్న రంగు జెండా కనపడితే ఆ అక్షరాలు చదివేలా ఫొటో తీయాలి. రింగు వేసిన చోటు, తేదీ దాన్నిబట్టే తెలుస్తాయి.