సైకాలజీ టీచర్ల సబ్జెక్టు ఎలా అయింది

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మా అన్నయ్య కూతురు సైకాలజీ చదువుతానంది. గుంటూరు బ్రాడీపేటలో వాళ్ల ఇల్లు. హాల్లో కూర్చున్న పెద్దవాళ్లలో ఒకాయన "అంటే ఏ గ్రూపమ్మా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ అని అందరం మనసులోనే లెక్కేసుకున్నాం. ఇంగ్లిషులో రాస్తే సైకాలజీ కూడా 'పీ'తోనే మొదలవుతుంది. కానీ మన గ్రూపుల్లో పీ అంటే ఫిజిక్సే.

తమాషా ఏమిటంటే, అదే హాల్లో ఉన్న మా అక్కకి సైకాలజీ కంఠతా వచ్చు. ఆవిడ డీఎస్సీ రాసి టీచరైంది. అవనిగడ్డలో కోచింగ్ తీసుకున్న రోజుల్లో నేర్చుకోవడం మీద ప్రయోగాల్లో వచ్చే పావ్లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోలర్ చింపాంజీ, పిల్లల ఆలోచన ఎదిగే తీరులో పియాజే చెప్పిన నాలుగు దశలు, అన్నీ బిట్లుగా బట్టీ పట్టింది. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మన ప్రాంతంలో సైకాలజీ కథంతా ఆ హాల్లోనే ఉందని నాకనిపించింది. పిల్లల మనసు గురించి చెప్పే శాస్త్రం వాళ్లకు పాఠం చెప్పేవాళ్ల దగ్గరకు చేరింది, పిల్లల టైంటేబుల్లోకి రాలేదు.

ఇది ఇప్పటి సంగతి కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1879లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టాక సైకాలజీ సొంత కాళ్ల మీద నిలబడింది. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో విడి శాఖ అయింది. మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉన్న మన కాలేజీలకు మాత్రం అది ఫిలాసఫీ చాటునే వచ్చింది. బీఏలో 'మెంటల్ అండ్ మోరల్ సైన్స్' అనే వాళ్లు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అలా చదివినవారే. తర్వాత ఆయన సైదాపేట ట్రైనింగ్ కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లినప్పుడు, తోటి టీచర్లకు సైకాలజీ పాఠాలు చెప్పారు. ఆ పాఠాలే 1912లో 'ఎసెన్షియల్స్ ఆఫ్ సైకాలజీ' అనే చిన్న పుస్తకంగా వచ్చాయి. మొదట్నుంచీ దాని శ్రోతలు టీచర్లేనన్నమాట.

ఆ రాధాకృష్ణనే 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది బెజవాడలోనే. నాలుగేళ్లు తిరగ్గానే వాల్తేరుకు తరలిపోయింది. అక్కడ 1967లో కోనేరు రామకృష్ణారావు సైకాలజీ, పారాసైకాలజీ విభాగం పెట్టారు. అమెరికాలో అతీంద్రియ శక్తుల మీద పరిశోధన చేసిన జె.బి.రైన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి ఆయన. ఆయన పాండిత్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గానీ, 'పారా' అనే తోక మామూలు జనంలో సైకాలజీకి మేలు చేయలేదనే నేననుకుంటాను. అసలే మనవాళ్లకు సైకాలజిస్టు అంటే వేదిక మీద హిప్నాటిజం చేసే మనిషి. లేదంటే విశాఖ చినవాల్తేరులోని మానసిక ఆసుపత్రి. 'సైకో' అన్న మాట ఎన్నికల సభల్లో తిట్టుగా కూడా స్థిరపడిపోయింది.

1969లో మన రాష్ట్రంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. ఇంటర్ బోర్డు ఐచ్ఛిక సబ్జెక్టుల్లో సైకాలజీ కూడా ఉండేది. పాత పరీక్షల టైంటేబుళ్లలో గణితం, బోటనీ, సివిక్స్ పక్కన దాని పేరు కనిపిస్తుంది. కానీ పేరుండటం వేరు, కాలేజీలో చెప్పేవాళ్లుండటం వేరు. చేరే పిల్లలు లేరని లెక్చరర్‌ను వేయరు, లెక్చరర్ లేరని పిల్లలు చేరరు. ఈలోగా ఎంసెట్ వచ్చింది. విజయవాడ, గుంటూరు రెసిడెన్షియల్ కాలేజీలు తెల్లవారుజాము స్టడీ అవర్లతో ర్యాంకుల పంట పండించడం నేర్చుకున్నాయి. ఇక ఎంపీసీ, బైపీసీ తప్ప మిగతావి గ్రూపుల్లా కనపడటమే మానేశాయి.

ఆ కాలేజీల్లోని టెన్షన్ వల్లే సైకాలజీ మళ్లీ వెనక గుమ్మం నుంచి లోపలికొచ్చింది. పిల్లల బలవన్మరణాలు పెరిగాయని 2001లో ప్రభుత్వం నీరదా రెడ్డి కమిటీ వేసింది. అప్పట్నుంచీ ఏ విషాదం జరిగినా 'కౌన్సెలర్' అన్న మాట వినిపిస్తూనే ఉంది. చాలాచోట్ల ఆ పని చేసేది ఎవరంటే, క్లాసులు తక్కువున్న లెక్చరర్, లేదా నెలకోసారి వచ్చి చప్పట్లు కొట్టించి వెళ్లే వ్యక్తిత్వ వికాస వక్త.

2025 జూలైలో పరిస్థితి మారింది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆ పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌గానీ, సైకాలజిస్టుగానీ, సోషల్ వర్కర్‌గానీ కనీసం ఒక్కరుండాలంది. మన విజయవాడ, గుంటూరుల్లో వంద మంది కూడా లేని కాలేజీ వెతికితే దొరుకుతుందా? అంతమంది అర్హులు ఎక్కడి నుంచి రావాలి?

ఇన్నాళ్లూ వచ్చింది ఎక్కువగా దూరవిద్య నుంచి. ఉద్యోగం చేసుకుంటూ ఇగ్నోలోనో మరోచోటో ఎంఏ సైకాలజీ కట్టిన టీచర్లు, గృహిణులు నాకు చాలామంది తెలుసు. ఆ దారి ఇప్పుడు మూసేశారు. 2025 జూలై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ చెప్పింది. ఇక మిగిలింది కాలేజీకి వెళ్లి చదవడమే. అంటే పదిహేడేళ్లప్పుడే ఆ వైపు చూడాలి.

స్కూలు స్థాయిలో నిజంగా చదవాలంటే సీబీఎస్‌ఈలో ఉంది, సబ్జెక్టు కోడ్ 037. రాతపరీక్షకు 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 30. ప్రాక్టికల్ అంటే ఎలుకలూ బోన్లూ ఏం ఉండవు. తెలివితేటలు, వ్యక్తిత్వం, సర్దుబాటు లాంటివి కొలిచే పరీక్షల్ని తోటివాళ్ల మీదే పెట్టి, వచ్చిన స్కోరుకు అర్థం రాయాలి. ఒక మనిషి గురించి కేస్ ప్రొఫైల్ తయారుచేయాలి. ఎదుటివాళ్లు చెప్పింది బయటపెట్టకుండా రాయడం ఎలాగో అక్కడే అలవాటవుతుంది. జాతీయ ఓపెన్ స్కూలు ఎన్ఐఓఎస్‌లో కోడ్ 328. ఇంటర్లో సైకాలజీ లేకపోయినా డిగ్రీలో చేరడానికి అడ్డేమీ ఉండదు, ఏ గ్రూపైనా చాలాచోట్ల తీసుకుంటారు.

తర్వాత దారులు చీలతాయి, జనం తికమకపడేదీ ఇక్కడే. మందులు రాసే సైకియాట్రిస్టు కావాలంటే ఎంబీబీఎస్, ఎండీ చదవాలి, అది బైపీసీ దారి. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే 1992 చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు తప్పనిసరి. ఒట్టి ఎంఏతో అది కుదరదు. ఇన్నాళ్లూ ఆసుపత్రి శిక్షణతో రెండేళ్ల ఎంఫిల్ చేసేవాళ్లు. ఎంఫిల్‌నే ఎత్తేస్తుండటంతో ఇప్పుడు కొత్త కోర్సులు దాని స్థానంలోకి వస్తున్నాయి. చేరేముందు ఆ కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోకపోతే ఏళ్లూ ఫీజులూ రెండూ పోతాయి. స్కూలు కౌన్సెలింగ్, ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పని, కంపెనీల్లో హెచ్ఆర్, సివిల్స్‌లో ఆప్షనల్ వంటివి వేరే దారులు. ముందే చెప్పాలి, మొదటి కొన్నేళ్లు జీతాలు సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకునేలా ఉండవు.

మా అన్నయ్య కూతురు చివరకు హెచ్ఈసీలో చేరింది. డిగ్రీలో సైకాలజీ తీసుకుంటుందట. ఈలోగా మా అక్క అటక మీద నుంచి తన పాత డీఎస్సీ మెటీరియల్ దించి ఇచ్చింది. పదకొండేళ్ల తర్వాత పిల్లలు ఎలా ఆలోచిస్తారో పియాజే చెప్పిన పేజీ దగ్గర ఆగి, "అత్తా, ఇది నా గురించే కదా!" అంది.

"అవునే," అంది మా అక్క. "అరమార్కు బిట్టు."