కుండీలో గెంతే తెల్ల పురుగులు: అపోహలు - వాస్తవాలు

వానాకాలం మొదలైతే చాలు, మా నర్సరీ ఫోన్‌కి మొక్కల ఫొటోల కంటే పురుగుల వీడియోలే ఎక్కువ వస్తాయి. "ఏమండీ, మీ దగ్గర కొన్న పీస్ లిల్లీకి నీళ్లు పోస్తుంటే మట్టిలోంచి తెల్లగా ఏవో గెంతుతున్నాయండీ, కుండీ పారేయమంటారా?" అని అడుగుతారు. మాది నర్సరీల ఊరు కడియం, కొన్నది కడియం మొక్క కాబట్టి తప్పు కడియం మట్టిదేనని ముందే తేల్చేసుకుంటారు కూడా. ఆ గెంతేవి స్ప్రింగ్‌టెయిల్స్. వాటి వల్ల పోయే మొక్కల కంటే వాటికి భయపడి చేసే వైద్యంతో పోయేవే ఎక్కువ.

అపోహ: ఇవి వేళ్లు తినేస్తాయి, అందుకే మొక్క వాడిపోతోంది.

ఈసారి నీళ్లు పోసేటప్పుడు ఒక్క నిమిషం వంగి చూడండి. బొంబాయి రవ్వ నలుసంత ఉంటాయి, ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఒంటికి తడి అంటదు కాబట్టి మునిగిపోకుండా నీటి మీద తేలతాయి. పొట్ట కింద చిన్న పంగలాంటి అవయవం మడిచిపెట్టి ఉంటుంది, దాన్ని విడిచిపెడితే నేలను తన్ని ఎగిరిపోతాయి. రెక్కలు లేవు. ఆరు కాళ్లున్నా శాస్త్రవేత్తలు ఇప్పుడు వీటిని అసలు కీటకాల్లోనే లెక్కపెట్టడం లేదు, కొలెంబోలా అని విడిగా పెట్టారు. స్కాట్లాండ్‌లోని రైనీ రాళ్లలో సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి స్ప్రింగ్‌టెయిల్ శిలాజం దొరికింది. మన మనీ ప్లాంట్ మీద పగబట్టి నిన్న మొన్న పుట్టుకొచ్చినవి కావన్నమాట.

వీటి తిండి బూజు, నాచు, కుళ్లిన ఆకులు, బ్యాక్టీరియా. నారుకుళ్లు తెచ్చే రైజోక్టోనియా బూజును కూడా మేస్తాయని పరిశోధనల్లో తేలింది. మరి వాడిన మొక్కను పీకి చూస్తే వేళ్ల నిండా ఇవే ఎందుకుంటున్నాయి? నీళ్లెక్కువై వేరు ముందే కుళ్లింది, ఆ కుళ్లు తినడానికి ఇవి చేరాయి. మొక్క వాడిందని మనం ఇంకో చెంబుడు నీళ్లు పోస్తాం, కథ అక్కడితో అయిపోతుంది.

మినహాయింపు ఒకటుంది. నారు ట్రేల్లో బాగా ఎక్కువైతే కొన్ని రకాలు లేత మొలకలను కాస్త గీకుతాయి. పెద్ద మొక్కకు ఆ భయం లేదు.

అపోహ: మట్టి మంచిది కాకపోతేనే పురుగు పడుతుంది.

వర్మీ కంపోస్ట్, మాగిన పశువుల ఎరువు, కోనసీమ కొబ్బరి పొట్టు వేసిన ఏ కుండీలోనైనా ఇవి ఉండొచ్చు. అసలు సంగతి తడి. మా వైపు మొక్క చాలావరకు జిగురు బంకమట్టి ముద్దతో వస్తుంది. ఇంటికెళ్లాక దాన్ని అలాగే కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పొట్టులో దింపేస్తారు. పైన పొట్టు ఆరి లేత గోధుమ రంగుకి తిరుగుతుంది, లోపలి మట్టి ముద్ద మాత్రం తడిగానే ఉంటుంది. పైపైన చూసి రోజూ నీళ్లు పోస్తే ఇవి పెరగక ఏం చేస్తాయి? వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, తడి తగలకపోతేనే పోయండి. కుండీ మార్చేటప్పుడు ఆ ముద్ద అంచుల్ని వేళ్లతో మెల్లగా విడదీయండి. కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. ఇంత చేస్తే వాటంతటవే తగ్గిపోతాయి.

అపోహ: కుండీలో కదిలేవన్నీ ఒకటే.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. చీపురు పుల్లతో మట్టిని కదపండి. గెంతితే స్ప్రింగ్‌టెయిల్. గోధుమ రంగు చుక్కల్లా నింపాదిగా పాకితే మట్టిలో ఉండే నల్లులు (సాయిల్ మైట్స్, మంచం నల్లులు కావు), వాటితోనూ ఇబ్బంది లేదు. వేళ్లకు దూదిలా తెల్లగా అంటుకుని కదలకపోతే పిండినల్లి, దాన్ని వదలకూడదు. సన్నటి నల్ల దోమలు లేచి ముఖం చుట్టూ తిరిగితే ఫంగస్ గ్నాట్స్. వీటి పిల్లలు తెల్లగా, నల్ల తలతో ఉండి లేత వేళ్లను కొరుకుతాయి. బంగాళదుంప ముక్క ఒకటి మట్టి మీద బోర్లించి మర్నాడు తీసి చూస్తే కింద దొరికిపోతాయి. పైమట్టి రెండంగుళాలు ఆరనిచ్చి, చేలల్లో కట్టే పసుపు జిగురు అట్ట ముక్క కుండీలో గుచ్చండి. గుడ్డు నుంచి దోమ అయ్యేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి, అట్టను రెండు రోజులకే పీకేసి "పనిచేయలేదండీ" అంటే ఎలా?

అపోహ: నాలుగు పురుగుమందు గుళికలు వేస్తే పీడ పోతుంది.

డెల్టాలో వరి చేలున్న ఇల్లంటే మూల గదిలో గుళికల ప్యాకెట్ ఉంటుంది. అదే ఇంట్లో కుండీకి కూడా వాడేస్తున్నారు. దయచేసి వద్దు. ఆ గుళికల్లో ఒక రకమైన ఫోరేట్‌నైతే 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు, పాత సరుకు ఇంకా మిగిలి ఉంటే ఇంట్లోకి అసలు రానివ్వకండి. పిల్లలు, పిల్లులు తిరిగే హాల్లో, కిటికీలు మూసి ఏసీ వేసుకునే గదిలో ఆ విషం దేనికండీ? కిరోసిన్, సర్ఫు నీళ్లు కూడా అంతే, ముందు చచ్చేది మొక్క వేళ్లే.

అపోహ: కుడతాయి, బియ్యంలోకి వెళ్తాయి.

కుట్టవు. చర్మంలో దిగే నోరు వాటికి లేదు. తడి లేని చోట తొందరగా ఎండి చచ్చిపోతాయి కాబట్టి బియ్యం డబ్బాలో బతకలేవు. అక్కడ కనిపించేది ముక్కుపురుగు, దాని గొడవ వేరు. బాత్రూమ్ మూలల్లో, తడి గోడల దగ్గర కనిపిస్తే నీరు ఎక్కడ కారుతోందో చూసుకోండి.

అపోహ: ఇవి మొక్కకు మంచివట, కొని వేసుకోవాలి.

ఇది ఈమధ్య కొత్తగా మొదలైంది. గాజు సీసాలో మూతపెట్టి మొక్కలు పెంచే టెర్రేరియం వాళ్లు బూజు పట్టకుండా వీటిని వేసుకుంటారు, అది సబబే. వరండాలో స్నేక్ ప్లాంట్ పెంచుకునేవాళ్లు డబ్బులు పెట్టి తెప్పించుకోనక్కర్లేదు. మీరు కొన్న వర్మీ కంపోస్ట్ బస్తాలో ఉచితంగానే వచ్చి ఉంటాయి.