చిన్న సైనికులు, పెద్ద అపోహలు: చారిత్రక మినియేచర్ల గురించి కొన్ని వాస్తవాలు

వార్‌గేమింగ్ బల్ల కోసం, అంటే చిన్న బొమ్మల సైన్యాలతో యుద్ధాలు ఆడే ఆట కోసం, చారిత్రక సైనికుల బొమ్మలు అతికించడం, వాటికి రంగులు వేయడం నాకు చాలా ఏళ్ల అలవాటు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు అడిగేవాటిలో చాలావరకు ప్రశ్నలు కావు, ఎక్కడో విని గట్టిగా నమ్మేసిన మాటలు. ఆ నమ్మకాల వల్ల డబ్బా తెరిచి, ముక్కలు చూసి, భయపడి అటకెక్కించేసినవాళ్లు ఎంతోమంది. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే ఈ అపోహల్లో ఎక్కువ భాగం ఒక్క చోటే పుడుతుంది. అద్దాల బీరువాలో ఒంటరిగా నిలబెట్టే బొమ్మకు పెట్టుకునే ప్రమాణాలనే, బల్ల మీద ఆడే సైన్యానికీ పెట్టేస్తున్నారు. ఆటలో బొమ్మను చూసేది చేయి చాపినంత దూరం నుంచి, అటూ ఇటూ ఇంకో ముప్ఫై మంది నిలబడి ఉండగా. ఏ నిర్ణయమైనా ఆ దూరం నుంచి చూసి తీసుకోవాలి.

అపోహ: బొమ్మలు గీయడం రానివాళ్లకు ఇది రాదు.

వాస్తవం: గీయడం వేరు, ఇది వేరు. బట్ట మడతలు, బొత్తాలు, బుగ్గలు, అన్నీ శిల్పి ముందే చెక్కి పెట్టాడు. ఆ ఎత్తుపల్లాలు కంటికి ఆనేలా చేయడమే మన పని. ముందు ఏ భాగానికి ఆ రంగు నింపాలి. ఆ తర్వాత వాష్ పూయాలి. నీళ్లలా ఉండే ఆ ముదురు రంగు పల్లాల్లోకి జారి నీడలు తనే వేస్తుంది. అది ఆరాక, ఎత్తుగా ఉన్న చోట్ల మొదటి రంగునే కాస్త లేతగా కలిపి అద్దితే సరి. ఈ మూడు మెట్లు ఓపికగా ఎక్కితే బల్ల మీదకి కావాల్సింది వచ్చేస్తుంది.

2019లో గేమ్స్ వర్క్‌షాప్ అనే బొమ్మల కంపెనీ కాంట్రాస్ట్ రంగులు తెచ్చాక చాలామంది మొదటి రెండు మెట్లను ఒక్క పూతలోనే కానిచ్చేస్తున్నారు. లేత ప్రైమర్ మీద, అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే పూత మీద, వేస్తే రంగూ నీడా ఒకేసారి వస్తాయి. ఉన్ని బట్ట మడతలకీ, బొచ్చుకీ, గుర్రం జూలుకీ అది అద్భుతంగా పనిచేస్తుంది. నున్నటి డాలు మీద, వెడల్పాటి అంగీ వీపు మీద మాత్రం మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. అక్కడ నేను మామూలు రంగే వాడతాను.

అపోహ: అసలు పనంతా రంగుల్లోనే ఉంది, అతికించడం ఎలాగోలా అయిపోతుంది. సూపర్ గ్లూ ఒక్కటి ఉంటే చాలు.

వాస్తవం: రంగులు పాడయ్యే బొమ్మల్లో చాలావరకు రంగు డబ్బా తెరవకముందే పాడైపోయి ఉంటాయి.

ముందు జిగురు సంగతి. బొమ్మ దేనితో చేశారన్నదాన్ని బట్టి జిగురు మారుతుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే గట్టి ప్లాస్టిక్ పాలీస్టైరీన్. దానికి ప్లాస్టిక్ సిమెంట్ వాడాలి. అది ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తుంది, రెండు ముక్కలూ కరిగి ఒకటైపోతాయి. ఆ అతుకు సూపర్ గ్లూ అతుకు కంటే చాలా గట్టిది. లోహాన్నీ, రెజిన్‌నీ (అచ్చులో పోసి గట్టిపరిచే ద్రవంతో చేసిన బొమ్మల్ని) మాత్రం ఆ సిమెంట్ కరిగించలేదు, కాబట్టి వాటి మీద ఎంత పోసినా దండగే. వాటికి సూపర్ గ్లూ సరైనది. కానీ అది లాగుడుకి తట్టుకున్నంతగా దెబ్బకి తట్టుకోదు. బరువైన లోహపు గుర్రమో, పొడవాటి ఈటె పట్టిన చెయ్యో అయితే సన్నని డ్రిల్‌తో రెండు వైపులా చిల్లు పెట్టి, మధ్యలో చిన్న తీగ ముక్క గుచ్చి అతికించాలి. 1/72 స్కేలులో, అంటే అసలు మనిషిలో 72వ వంతు ఎత్తులో వచ్చే మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలది ఇంకో కథ. వాటిలో చాలావరకు పాలీఎథిలీన్ రకం, దానికి మామూలు జిగుర్లేవీ పట్టవు. ఈటె వంగితే రంగు పెచ్చులు ఊడుతుంది. సబ్బు నీళ్లతో బాగా కడిగి, వంగినా పగలని ప్రైమర్ వేస్తేనే నిలుస్తుంది. లోహం, రెజిన్ బొమ్మల మీద కూడా అచ్చు నుంచి ఊడిరావడానికి వాడిన పొడో నూనో మిగిలి ఉండొచ్చు. గోరువెచ్చటి నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు.

తర్వాత అచ్చు గీత. అచ్చు రెండు సగాలు కలిసిన చోట బొమ్మ చుట్టూ సన్నటి గట్టు ఒకటి మిగిలిపోతుంది. తుపాకీ గొట్టం పొడవునా, టోపీ మీదుగా, భుజం దాటి నడుం దాకా వెళ్తుంది. ప్లాస్టిక్ బూడిద రంగులో ఉన్నప్పుడు అది కంటికి కనపడదు, అందుకే వదిలేస్తారు. వాష్ వేయగానే దాని రెండు పక్కలా రంగు చేరి, ముఖానికి అడ్డంగా మచ్చలా తేలుతుంది. కత్తి పదునుతో కాదు, కత్తి వీపుతో, ఒకే వైపుకి మెల్లగా గీకాలి. సన్నటి పొట్టు రాలుతుంటే సరిగ్గా చేస్తున్నట్టే. వేలిగోరు అడ్డంగా లాగి చూడండి. ఎక్కడా తగలకపోతే అయిపోయినట్టు. కంటికంటే గోరునే నమ్మాలి.

అపోహ: సన్నటి పనికి అన్నిటికంటే సన్నటి బ్రష్ కావాలి.

వాస్తవం: 000 లాంటి అతి సన్నటి సైజు బ్రష్‌లో రంగు ఎంతో నిలవదు. బొమ్మ దాకా వెళ్లేలోపే మొనలో ఆరిపోతుంది. గీత సన్నగా రావాలంటే మొన వాడిగా ఉండాలి, పొట్ట నిండుగా ఉండాలి. మంచి కొలిన్‌స్కీ (ముంగిసలాంటి ఒక జంతువు) వెంట్రుకల 1 లేదా 2 సైజు బ్రష్‌తో బెల్టు కట్టు దాకా వేసేయొచ్చు. రంగు ఎప్పుడూ వెంట్రుకల్ని పట్టి ఉంచే లోహపు మెడలోకి ఎక్కనీయకూడదు. అక్కడ ఆరిందంటే వెంట్రుకలు విచ్చుకుపోతాయి, ఆ మొన మళ్లీ రాదు. డ్రైబ్రషింగ్‌కీ (దాదాపు పొడి బ్రష్‌ను ఎత్తుల మీద రుద్దడం), లోహపు రంగులకీ పాత సింథటిక్ బ్రష్‌లు విడిగా పెట్టుకోండి. ఇక రంగు పలచబరచడం గురించి వేరే చెప్పక్కర్లేదు. మందంగా ఒక పూత కంటే పల్చగా రెండు పూతలు ఎప్పుడూ మేలు.

అపోహ: చారిత్రక బొమ్మ అంటే యూనిఫాం రంగు అచ్చుగుద్దినట్టు ఉండాలి. ఒక్క షేడ్ తేడా వచ్చినా తప్పే.

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మంచి మంచి వాళ్లను కూడా ఆపేస్తున్న టెన్షన్ ఇదే.

1856లో విలియం పెర్కిన్ తొలి కృత్రిమ అద్దకం రంగు మావీన్ కనిపెట్టేదాకా బట్టలకు అద్దినవి దాదాపు అన్నీ మొక్కల నుంచో, పురుగుల నుంచో, ఖనిజాల నుంచో వచ్చినవే. ఒక్కో తొట్టిలో ఒక్కో షేడ్. ఎండకీ వానకీ ఒక్కోటీ ఒక్కోలా వెలిసేది. నెపోలియన్ కాలపు బ్రిటిష్ సైన్యాన్నే తీసుకోండి. మామూలు సిపాయి కోటుకి మంజిష్ఠ జాతి వేరు నుంచి తీసిన ఎరుపు, అది కాస్త ఇటుక రంగు వైపు మొగ్గుతుంది. అధికారి కోటుకి కొచినీల్ పురుగు నుంచి తీసిన ఖరీదైన, నిగనిగలాడే ఎరుపు. అంటే ఒకే బెటాలియన్‌లో రెండు ఎరుపులు. మీ పటాలంలో అధికారికి మాత్రం ఒక మెట్టు ప్రకాశవంతమైన ఎరుపు వేసి చూడండి, చేయి చాపినంత దూరం నుంచి కూడా అతను విడిగా కనిపిస్తాడు. చరిత్రా దక్కింది, ఆటకి సౌకర్యమూ దక్కింది.

ఇంకో సంగతి. పుస్తకాల్లో కనిపించే బొమ్మలు చాలావరకు నిబంధనల ప్రకారం గీసినవి. నిబంధన రాసిన రోజూ, ఆ బట్ట సైనికుడి ఒంటి మీదకి వచ్చిన రోజూ ఒకటి కావు. ఫ్రెంచ్ సైన్యానికి కొత్త పొట్టి కోటు నిబంధన 1812లో వచ్చింది, కానీ ఆ ఏడాది రష్యా మీదకి వెళ్లినవాళ్లలో చాలామంది ఒంటి మీద పాత కోట్లే ఉన్నాయి. అంతకుముందు 1806లో అదే సైన్యంలో కొన్ని రెజిమెంట్లకు తెల్ల కోట్లు ఇచ్చారు. వాళ్ల మామూలు కోట్లకు నీలం అద్దడానికి నీలిమందు కావాలి, అది సముద్రం దాటి రావాలి, సముద్రమేమో బ్రిటిష్ నౌకల చేతిలో ఉంది. మరుసటి ఏడాదికే ఆ తెలుపు మానుకున్నారు. స్పెయిన్, పోర్చుగల్‌లలో 1808 నుంచి 1814 దాకా పోరాడిన బ్రిటిష్ సిపాయిల ప్యాంట్లు చిరిగిపోతే అక్కడ దొరికిన గోధుమరంగు బట్టతో కుట్టుకున్నారు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైనికుల బూడిద రంగు బట్టలు వెలిసి గోధుమరంగులోకి దిగేవి. కాబట్టి ముప్ఫై మందిలో నలుగురైదుగురికి వెలిసిన కోటో, వేరే రంగు ప్యాంటో, మోకాలి మీద అతుకో వేయడం తప్పు కాదు. దండయాత్రలో నడిచిన సైన్యం అలాగే ఉంటుంది.

వీటన్నిటికీ తోడు, చిన్న వస్తువు మీద రంగు అసలు కంటే ముదురుగా కనిపిస్తుంది. అసలు బట్ట ముక్క పక్కన పెట్టుకుని కలిపిన ముదురు నీలం 28 ఎంఎం (సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తు) బొమ్మ మీద నల్లగా కనిపిస్తుంది. ఒకటి రెండు మెట్లు లేతగా వేయాలి. నలుపుకి బదులు ముదురు బూడిద వాడి, నలుపును నీడలకే వదిలేయండి.

అపోహ: ఆ కాలం ఎవరు చూశారు, ఏ రంగైనా వేసుకోవచ్చు.

వాస్తవం: పై మాటను ఇటు వైపుకి లాగేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. మధ్యయుగపు రైతు సైనికుడికి మెరిసే ఊదా చొక్కా వేయడం అబద్ధమే. గాఢమైన, ఖరీదైన రంగులు డబ్బున్నవాళ్లవి. మామూలు మనిషివి అద్దని ఉన్ని, నార, వెలిసిన పసుపు, మట్టి రంగులు. వైకింగులకు కొమ్ముల శిరస్త్రాణం పెట్టడం కూడా అలాంటిదే. ఆ ఊహ 19వ శతాబ్దపు రంగస్థల వేషాల ద్వారా జనంలో పాతుకుపోయింది. నార్వేలోని యెర్ముండ్‌బూలో 1943లో దొరికిన వైకింగ్ కాలపు ఇనుప శిరస్త్రాణానికి కళ్ల చుట్టూ రక్షణ ఉంది, కొమ్ములు లేవు. వెలిసిన రంగు వేసే స్వేచ్ఛ ఆధారం నుంచి వస్తుంది, ఆధారం లేకపోవడం నుంచి కాదు.

అపోహ: 28 ఎంఎం అని రాసి ఉంటే అన్నీ ఒకే ఎత్తు.

వాస్తవం: కొందరు తయారీదారులు పాదం నుంచి కళ్ల దాకా కొలుస్తారు, కొందరు తల పైదాకా. కొన్ని సన్నగా మనిషి కొలతల్లో ఉంటాయి, కొన్నిటికి తలలూ చేతులూ తుపాకులూ లావు. రెండు కంపెనీల బొమ్మలు కలపాలంటే ఒకే దళంలో కలపకుండా, ఒక్కో దళం ఒక్కో కంపెనీది పెట్టండి. బేస్ (బొమ్మ నిలబడే పీఠం) మందం సమానంగా ఉంటే తేడా ఎవరి కంటా పడదు.

అపోహ: కళ్లు వేయకపోతే బొమ్మ పూర్తి కానట్టే.

వాస్తవం: ఎదురుగా నిలబడ్డ మనిషి కళ్లలోని తెలుపు కాస్త దూరం పోతే సరిగా కనిపించదు. కంటి గుంటలో నీడ, ముక్కు మీద, బుగ్గల మీద వెలుగు చాలు. ఆ సమయాన్ని బేస్‌కి పెట్టండి. ఇసుక, మట్టి రంగు, రెండు గడ్డి కుచ్చులు, అన్ని బేస్‌లకీ ఒకే తీరు. వేర్వేరు చేతులు వేసిన బొమ్మలను కూడా ఒక్క సైన్యంలా చూపించేది బేసే.

అపోహ: పాత సీసపు బొమ్మలకు పట్టే తెల్ల బూజు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది.

వాస్తవం: అది బూజు కాదు, సీసం తుప్పు. ఓక్ లాంటి కొన్ని చెక్కల నుంచి, కొన్ని జిగుర్ల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి, తేమ కలిసి సీసాన్ని తెల్లటి పొడిగా మార్చేస్తాయి. ఒకే అలమారాలో ఉన్నవన్నీ ఒకే గాలిలో ఉంటాయి కాబట్టి ఒకదాని వెంట ఒకటి పాడవుతాయి. వాటిని ఆ అలమారా నుంచి తీసేయాలి. ఆ పొడిలో సీసం ఉంటుంది, నోటితో ఊదకండి, చేతులు కడుక్కోండి. 3డీ ప్రింట్ రెజిన్‌కీ ఇంతే శ్రద్ధ కావాలి. గట్టిపడని రెజిన్‌ను చేతితొడుగు లేకుండా ముట్టుకోకూడదు, అరగదీసేటప్పుడు తడిపి అరగదీయాలి.

అపోహ: వార్నిష్ వేస్తే రంగులు పాడవుతాయి, వేయకపోవడమే మంచిది.

వాస్తవం: పాడుచేసేది వార్నిష్ కాదు, వేసిన రోజు వాతావరణం. గాలిలో తేమ ఎక్కువున్న రోజు మెరుపు లేని మ్యాట్ స్ప్రే కొడితే తెల్లటి పొర కమ్ముకుంటుంది. ప్రైమర్ స్ప్రేకీ ఇదే జాగ్రత్త. పొడి రోజు, గాలి ఆడే చోట, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి, చేయి ఆపకుండా అటూ ఇటూ పల్చగా కొట్టండి. ముందు పాత బొమ్మ ఒకదాని మీద కొట్టి చూడండి. ఆటలో రోజూ చేతులు మారే బొమ్మలకు మొదట మెరిసే గ్లాస్ వార్నిష్ వేసి, పూర్తిగా ఆరాక మ్యాట్ వేస్తాను. కింది పొర దెబ్బలు కాస్తుంది, పై పొర ప్లాస్టిక్ మెరుపు తీసేస్తుంది. మ్యాట్ వల్ల కత్తులూ కవచాలూ మసకబారతాయి కాబట్టి, అన్నీ ఆరాక బ్రష్‌తో వాటి ఒక్కదాని మీదే మళ్లీ కొంచెం గ్లాస్ అద్దండి.