"ఆటిజం అంటే ఇంతే" అని వదిలేయకండి: అపోహలు - వాస్తవాలు

మా హోంలో చేరడానికి వచ్చే ప్రతి వ్యక్తి వెంట ఒక లావుపాటి ఫైలు వస్తుంది. అందులో దాదాపు ప్రతిసారీ ఒకే వాక్యం కనిపిస్తుంది: "దూకుడు ఎక్కువ, చెప్పిన మాట వినడు." ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగాక అన్నది మాత్రం ఎవరూ రాయరు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లతో ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను. వాళ్లకు అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఆ వాక్యం వెనకే ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: కేకలు వేయడం, తల గోడకు బాదుకోవడం, ఎదుటివాళ్లను కొట్టడం ఆటిజంలో మామూలే. డోసు పెంచితే తగ్గుతుంది.

మామూలు కాదు. నిన్నటిదాకా లేనిది ఇవాళ మొదలైందంటే ఏదో కారణం ఉంది. మొదట వెతకాల్సింది ఒంట్లో నొప్పి కోసం. పిప్పిపన్ను, చెవిపోటు, మలబద్ధకం, కడుపులో మంట, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఆడవాళ్లకైతే నెలసరి నొప్పి. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ, నిద్రలేమి, జీర్ణకోశ సమస్యలు మిగతావారిలో కంటే ఎక్కువగా ఉంటాయి. "ఇదిగో, ఇక్కడ నొప్పి" అని చెప్పలేని మనిషి కేకలు వేయక ఏం చేస్తాడు?

ఆ మధ్య ఒక యువకుడు వేరే చోటి నుంచి మా దగ్గరికి మారాడు. ఇరవై ఆరేళ్లు. నాలుగైదు మాటలు తప్ప రావు. రాత్రి భోజనం కంచం విసిరేసేవాడు, అర్ధరాత్రి లేచి నుదురు గోడకు కొట్టుకునేవాడు. వాళ్లమ్మ చేతిలో మూడు మందుల చీటీలు, ఒకదాన్ని మించి ఒకదానిలో డోసు. మా రాత్రి డ్యూటీ కేర్‌టేకర్ ఒక విషయం పట్టుకుంది: తల కొట్టుకునే ముందు అతను సోఫా చేతి మీద బోర్లా వాలి పొట్టను గట్టిగా అదుముకుంటున్నాడు. ఫైలంతా తిరగేశాం, విరేచనం గురించి ఒక్క ముక్క లేదు. "బాత్రూముకు తనే వెళ్తాడు" కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరు పొట్ట నొక్కి చూసి ఎక్స్‌రే తీయించారు. పేగు నిండా గట్టిపడిన మలం.

అతను వేసుకుంటున్న వాటిలో ట్రైహెక్సీఫెనిడిల్ ఉంది. దూకుడు తగ్గించే మందుల వల్ల ఒళ్లు బిగుసుకుపోకుండా, చేతులు వణకకుండా తోడుగా ఇచ్చే మాత్ర అది. మలబద్ధకం దాని దుష్ప్రభావాల్లో ఒకటి. నొప్పికి కేకలు, కేకలకు మందు, మందుతో మరింత నొప్పి! విరేచనానికి మందిచ్చి, తిండి మార్చి, సైకియాట్రిస్టు పర్యవేక్షణలో డోసు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాక కంచం విసరడం ఆగింది. నిద్ర కుదురుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. "అయితే ఇన్నాళ్లూ వాడు నొప్పితోనే ఏడ్చాడా?" అని వాళ్లమ్మ అడిగితే సమాధానం చెప్పడం కష్టమైంది. ఆవిడ తప్పేమీ లేదు. కనిపించిన ప్రతి ఒక్కరూ ఆవిడకు "ఆటిజం అంటే ఇంతే" అనే చెప్పారు.

నేను మందులకు వ్యతిరేకిని కాదు. ఆటిజం మూల లక్షణాలను తగ్గించే మందు ఇప్పటిదాకా రాలేదు. ఆటిజంతో పాటు వచ్చే తీవ్రమైన చిరాకు, దూకుడు కోసం పిల్లలకు వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో రిస్పెరిడోన్‌ను, 2009లో అరిపిప్రజోల్‌ను అనుమతించింది. కొందరికి అవి నిజంగా అవసరం. కానీ కారణం వెతకకుండా మందు పెంచుకుంటూ పోవడం ఎంత పెద్ద సమస్యో చూడండి: దాన్ని అరికట్టడానికి ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ 2016లో 'స్టాంప్' (STOMP) పేరుతో ప్రత్యేక కార్యక్రమమే మొదలుపెట్టింది. ఇది చదివి ఇంట్లో మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. డాక్టరును అడగండి.

నొప్పి లేదని తేలాక చుట్టూ ఉన్నవి చూడాలి. గొడవకు ముందు ఏం జరిగింది, అతను ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం, ఈ మూడూ నోటుపుస్తకంలో రాస్తూ పోతే కొద్ది రోజుల్లోనే దారి దొరుకుతుంది. మా దగ్గర ఒకావిడ సాయంత్రం ఆరింటికే చేతులు కొరుక్కునేది. అది సిబ్బంది డ్యూటీ మారే సమయం. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు హాల్లో నిలబడి ఒకేసారి మాట్లాడతారు, వంటింట్లో మిక్సీ తిరుగుతుంటుంది. డ్యూటీ అప్పగింతలు మేడ మీదికి మార్చాం, మిక్సీ పని మధ్యాహ్నమే ముగిస్తున్నాం. ఆవిడకు మందు అవసరమే రాలేదు.

అపోహ: వ్యక్తి కేంద్రంగా చూసుకోవడం అంటే అడిగిందల్లా ఇవ్వడం.

కాదు. షుగరు ఉన్న మనిషికి రోజూ జిలేబీ పెట్టం. ఆ మనిషిని బట్టి రోజును అమర్చడమే దాని అర్థం. మా దగ్గర ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ ఉంటుంది. ఏది ఇష్టం, ఏది భయం, వద్దు అని ఎలా తెలియజేస్తారు. "పప్పు అన్నం మీద పోయకూడదు, పక్కన గిన్నెలో పెట్టాలి" అని ఒకరి పేజీలో మొదటి వాక్యం. మీకు చాదస్తంగా అనిపించవచ్చు, ఆయనకు అది తినడానికీ పస్తుండడానికీ మధ్య తేడా. ఇలాంటివి సర్టిఫికెట్లలో ఉండవు. అమ్మకో, అక్కకో, నాయనమ్మకో తెలిసి ఉంటాయి. హోంకు వచ్చేటప్పుడు అవి రాసి తీసుకురండి.

అపోహ: మాట రాదంటే అర్థం కానట్టే.

దయచేసి వాళ్ల ముందే వాళ్ల గురించి బాధలు చెప్పుకోకండి. అన్నీ వింటారు. బొమ్మల కార్డులతో, ట్యాబుతో మనసులో మాట చెప్పడం అలవాటు చేస్తే వచ్చే మాట కూడా పోతుందన్న భయం అక్కర్లేదు, అలా జరగదు. "ముప్పై ఏళ్లొచ్చినా అయిదేళ్ల బుద్ధే" అనడం కూడా మానండి. ముప్పై ఏళ్ల మనిషికి ముప్పై ఏళ్ల మనిషికి ఇచ్చే మర్యాదే ఇవ్వాలి, స్నానాల గది తలుపు వేసుకునే హక్కుతో సహా.

అపోహ: కన్నవాళ్లం కాబట్టి ఎప్పటికీ మేమే గార్డియన్లం.

పద్దెనిమిదేళ్లు నిండాక చట్టం దృష్టిలో కాదు. ఆస్తి, బ్యాంకు వ్యవహారాలు ఇక్కడే చిక్కుకుంటాయి. గార్డియన్‌గా నియమించమని నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. మీరున్నప్పుడే చేయండి.

ఇక పుకార్లు. టీకాల వల్ల ఆటిజం రాదు. ఆ ప్రచారానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. తల్లి పెంపకం వల్ల రాదు. పెళ్లి చేస్తే పోదు, ఇంకొకరి బతుకు కూడా చిక్కుల్లో పడుతుంది. స్టెమ్ సెల్ చికిత్స పేరుతో లక్షలు గుంజేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఆటిజానికి అది సిఫార్సు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

"హోంలో చేర్చడం అంటే వదిలించుకోవడమేనా?" అని కన్నీళ్లతో అడిగే తల్లిదండ్రులకు: కాదు. మీ తర్వాత ఎవరన్న ప్రశ్నకు మీరుండగానే జవాబు వెతుకుతున్నారు. మంచి చోటు ఎంచుకోండి, అంతే. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆఫీసు గదిలోనే కూర్చుని రాకండి. రాత్రి భోజనం వేళకు వెళ్లండి. అందరినీ ఒకే సమయానికి పడుకోబెడుతున్నారేమో కనుక్కోండి. చెప్పకుండా ఎప్పుడైనా రావచ్చా అని అడగండి, కుదరదంటే ఆ చోటు వద్దు. మేనేజరును కాదు, అన్నం పెట్టే కేర్‌టేకర్‌నే పిలిచి అక్కడున్న ఒకరిని చూపించి అడగండి: "ఈయనకు ఇష్టం లేకపోతే మీకెలా తెలుస్తుంది?"