పెట్టె వెనకే రిగ్గు

హవాయి పెద్ద దీవిలో భూతాప విద్యుత్తు, అంటే నేల లోపలి వేడితో తీసే కరెంటు, గొడవ మళ్లీ రాజుకుంది. ఆ వేడి ఎక్కడుందో వెతికే సర్వేలో కనిపించేది చిన్న సరంజామాయే: నేలలో పాతిన ఎలక్ట్రోడ్లు, గుంతలో పెట్టిన అయస్కాంత కాయిళ్లు, వైర్లన్నీ వచ్చి చేరే ఒక పెట్టె. రాత్రంతా ఉంచి తెల్లారాక ఎత్తుకుపోతారు. చెట్టు కొట్టేది లేదు, పొగ లేదు. మరి దీనికింత రాద్ధాంతమా?

1990 మార్చి 25 గుర్తున్నవాళ్లు ఆ మాట అడగరు. కిలవేయా అగ్నిపర్వతం తూర్పు అంచున, వావో కెలె ఓ పూనా అడవి గేటు ముందు, అక్కడ భూతాప బావులు తవ్వొద్దంటూ ఆ రోజు సుమారు 1,500 మంది చేరారు. 141 మందిని అరెస్టు చేశారు. నిజానికి డ్రిల్లింగ్ మొదట అనుకున్నది పక్కనున్న కహౌవాలెయాలో. 1983 నుంచి లావా అటు పారడంతో ప్రభుత్వం ఆ నేల తాను తీసుకుని, బదులుగా 27 వేల ఎకరాలకు పైగా ఈ అడవిని ఆ నేల సొంతదారైన క్యాంప్‌బెల్ ఎస్టేటుకు రాసిచ్చింది. మూలికలకూ వేటకూ ఆ అడవికే వెళ్లే స్థానికుల మాట ఆ కాగితాల్లో సోదిలోకి రాలేదు. వాళ్లకు లావాయే పేలే అమ్మవారి ఒళ్లు, ఆవిరి ఆమె ఊపిరి. ఆ అడవి తిరిగి, హవాయి మూలవాసుల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ హవాయియన్ వ్యవహారాల కార్యాలయం చేతికి వచ్చేసరికి 2006 అయింది.

ప్రభుత్వ వాదనలోనూ పస ఉంది. దీవికి చమురు ఓడల్లో రావాలి, కరెంటు బిల్లు దేశంలోకెల్లా ఎక్కువ.

చిక్కల్లా సర్వే స్వభావంలోనే ఉంది. అది చూసేది వేడిని కాదు, రాయిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నది. వేడి ఉప్పునీరున్నచోట బాగా పారుతుంది. బంకమట్టిలోనూ పారుతుంది, దీవి రాళ్లలోకి చొరబడ్డ చల్లని సముద్రపు నీటిలోనూ పారుతుంది. ఏది ఏదో తేలాలంటే బోరు వెయ్యక తప్పదు. సర్వే చేసేవాళ్లు కూడా ఇది కాదనరు.

ఆ బోరు సన్నదేననీ, పరిశోధనకేననీ ఇప్పుడు చెబుతున్నారు. అదే దీవిలోని పూనా ప్రాంతంలో 1976లో 1,968 మీటర్ల లోతుకు దిగి 358 డిగ్రీల వేడి చూసిన బోరు కూడా పరిశోధనదే. దాని మీద 3 మెగావాట్ల ప్లాంటు పెట్టారు, రెండేళ్ల ప్రయోగమన్నారు. 1989 దాకా నడిపారు. ఇరుగుపొరుగు వాళ్లు అన్నేళ్లూ కుళ్లిన కోడిగుడ్ల వాసన పీల్చారు.