అప్పు నుంచి ఆచరణ దాకా: చిన్న వ్యాపారాలకూ ఆరోగ్య సంస్థలకూ అందిన సాయం వెనుక కథ

పెద్ద పరిశ్రమలు వస్తే తోపుడుబళ్లూ మరమ్మతు దుకాణాలూ చిల్లర వర్తకమూ వాటంతటవే కనుమరుగవుతాయని 1950, 60 దశకాల్లో ప్రణాళికా నిపుణులు గట్టిగా నమ్మేవారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1972లో కెన్యా ఉపాధి పరిస్థితులపై వెలువరించిన నివేదిక ఆ నమ్మకాన్ని కదిలించింది. ఈ వ్యాపారాలు పోయేవి కావనీ, లక్షలాది మందికి అవే జీవనాధారమనీ అంగీకరించక తప్పలేదు. అప్పటి నుంచి ప్రశ్న మారింది: వీటిని ఎదగనివ్వకుండా ఆపుతున్నదేమిటి? అందరికీ ముందుగా తోచిన జవాబు పెట్టుబడి లేమి.

బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో ముహమ్మద్ యూనస్ 1976లో మొదలుపెట్టిన చిన్న అప్పుల ప్రయోగం 1983 నాటికి గ్రామీణ బ్యాంకుగా రూపుదిద్దుకుంది. తాకట్టు అడగకుండా, సభ్యుల బృందాన్ని ఆసరాగా చేసుకుని, వారం వారం వాయిదాలు వసూలు చేసే ఈ పద్ధతి అనేక దేశాలకు పాకింది. ఐక్యరాజ్య సమితి 2005ను సూక్ష్మరుణ సంవత్సరంగా ప్రకటించగా, మరుసటి ఏడాది యూనస్‌కూ ఆయన బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి దక్కింది. లాభాపేక్ష గల పెట్టుబడి కూడా వెంటనే ప్రవేశించింది. చిన్న అప్పులిచ్చే సంస్థలైన మెక్సికోలోని కంపార్తామోస్ 2007లో, భారతదేశంలోని ఎస్‌కేఎస్ 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులోనే, వసూళ్ల ఒత్తిడి, రుణగ్రస్తుల ఆత్మహత్యల వార్తల నడుమ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి సూక్ష్మరుణ సంస్థలకు కళ్లెం వేసింది.

ఆవేశాలు చల్లారాక నిదానంగా లెక్క తేల్చే పని మొదలైంది. భారతదేశం, మెక్సికో, మొరాకో, ఇథియోపియా, మంగోలియా, బోస్నియాలలో జరిపిన ఆరు అధ్యయనాలు 2015లో ఒకేచోట వెలువడ్డాయి. అప్పు వల్ల కొందరికి తమ పనిని తామే ఎంచుకునే వెసులుబాటు పెరిగిందే గాని, సగటు కుటుంబ ఆదాయం చెప్పుకోదగినంతగా పెరగలేదని వాటి సారాంశం. దీన్ని బట్టి పెట్టుబడికి విలువ లేదనుకోవడం తొందరపాటు. శ్రీలంకలో చిరు వ్యాపారులకు అప్పుగా కాక ఉచితంగా వంద, రెండు వందల డాలర్ల సొమ్ము ఇచ్చి చూసినప్పుడు, ఆ పెట్టుబడిపై సగటున నెలకు ఐదు శాతం దాకా రాబడి కనిపించింది. అయితే మహిళలు నడిపే వ్యాపారాల్లో ఆ లాభం కనిపించలేదు. కోల్‌కతాలో రుణం తీసుకున్న మహిళలకు తొలి వాయిదాను రెండు వారాలకు బదులు రెండు నెలల తరువాత కట్టే వీలు కల్పిస్తే, వ్యాపారంలో పెట్టిన సొమ్మూ, మూడేళ్ల తరువాతి లాభమూ పెరిగాయి, వాటితోపాటు ఎగవేతలూ పెరిగాయి. వచ్చే వారమే వాయిదా కట్టాల్సిన మనిషి నిదానంగా ఫలితమిచ్చే వ్యాపారంలో డబ్బు ఎందుకు పెడతాడు? అప్పు ఇస్తున్నామా లేదా అన్న దానికంటే దాని షరతులు ఎలా ఉన్నాయన్నదే ఎక్కువ నిర్ణయాత్మకమని నా అభిప్రాయం.

శిక్షణ సంగతీ అంతే. జమాఖర్చులు, సరుకు నిల్వ, ధర నిర్ణయం వంటివి బోధించే తరగతులు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. టోగోలో 1,500 మంది వ్యాపారులతో జరిపి 2017లో ప్రచురించిన ప్రయోగంలో ఆ తరహా బోధన వల్ల లాభాలు కచ్చితంగా పెరిగాయని చెప్పడానికి వీలు కాలేదు. చొరవ చూపడం, అడ్డంకిని ముందే ఊహించడం, పోటీదారుకు భిన్నంగా ఆలోచించడం సాధన చేయించిన వారి లాభాలు మాత్రం సుమారు 30 శాతం పెరిగాయి. కాస్త పెద్ద సంస్థలకు నిర్వహణే కీలకమైంది. భారతీయ జౌళి మిల్లుల్లో సలహాదారులు దగ్గరుండి యంత్రాల సంరక్షణ, నాణ్యత పరిశీలన, నిల్వల లెక్క గాడిన పెట్టినప్పుడు మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఏళ్ల తరువాత వెళ్లి చూస్తే అలవాటు చేసిన పద్ధతుల్లో సుమారు సగం వదిలేశారు. మేనేజరు మారిన చోట అది ఎక్కువగా జరిగింది.

ఆరోగ్య రంగంలో ఇదే కథ మరో దిక్కు నుంచి నడిచింది. సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రకటన 1978లో అందరికీ ప్రాథమిక వైద్యం అందిస్తామని మాట ఇచ్చింది గాని ఆ ఖర్చు ఎవరు భరిస్తారో తేల్చలేదు. అప్పుల సంక్షోభంలో కూరుకున్న దేశాలకు 1987లో ప్రపంచ బ్యాంకు విధాన పత్రమూ, అదే ఏడాది ఆఫ్రికా ఆరోగ్య మంత్రులు ఆమోదించిన బమాకో కార్యక్రమమూ చూపిన దారి ఒకటే: రోగుల నుంచి రుసుము తీసుకుని ఆ సొమ్ముతో మందులు కొనాలి. ఉచితంగా ఇస్తే విలువ తెలియదన్న వాదన కూడా దీనికి తోడైంది. కెన్యాలో గర్భిణులకు దోమతెరలు ఇచ్చి ఆ వాదనను పరీక్షించారు. ఉచితంగా ఉన్న తెరకు 60 సెంట్ల ధర పెట్టగానే తీసుకునేవారి వాటా 60 శాతం పాయింట్లు పడిపోయింది. ఉచితంగా పొందినవారు మాత్రం కొన్నవారికి ఏమాత్రం తీసిపోకుండా వాటిని వాడారు. ఉగాండా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రుసుములను 2001లోనే ఎత్తివేసింది.

మరి నిలదొక్కుకున్న సంస్థలు చేసిందేమిటి? బంగ్లాదేశ్‌కు చెందిన స్వచ్ఛంద సంస్థ బ్రాక్ 1980లో అతిసారానికి ఉప్పు, బెల్లం, నీళ్లతో ద్రావణం తయారీని ఇంటింటికీ నేర్పడం మొదలుపెట్టి, పదేళ్లలో కోటి ఇరవై లక్షల ఇళ్లు తిరిగింది. కార్యకర్తకు జీతం తిరిగిన ఇళ్ల లెక్కన కాదు, తరువాత మరొకరు వెళ్లి అడిగినప్పుడు తల్లికి ఎంత గుర్తుందన్న దాని లెక్కన. అయినా తల్లులు నేర్చుకున్నంతగా వాడటం లేదని గమనించి ఆరా తీస్తే, కార్యకర్తలకే ఆ మందుపై నమ్మకం లేదని బయటపడింది. వారిని మళ్లీ తర్ఫీదు చేశారు, ఇంటి మగవాళ్లకూ చెప్పడం మొదలుపెట్టారు. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి డబ్బు చెల్లించగలిగిన రోగుల ఆదాయంతో పేదలకు శుక్లాల శస్త్రచికిత్స చేసింది. అలా చేయగలిగిందంటే కారణం దాతృత్వం ఒక్కటే కాదు, శస్త్రవైద్యుడి సమయం వృథా కాకుండా ప్రతి దశనూ శిక్షణ పొందిన సిబ్బందికి పంచిన పని తీరు కూడా. కంటిలో అమర్చే లెన్సులు దిగుమతి ధరకు అందుబాటులో లేవని 1992లో ఆరోల్యాబ్ పేరిట సొంతంగా తయారీ చేపట్టింది. నేను వీటి నుంచి గ్రహించేది, పనికివచ్చే ఆలోచన దొరకడం కంటే అది క్షేత్రంలో ఎక్కడ తప్పుతోందో వెంటపడి కనుక్కోవడం కష్టమనీ, దానికి దాతలు తక్కువగా డబ్బిస్తారనీ.

వ్యాపారమూ ఆరోగ్యమూ ఒకే మనిషిలో కలిసిన ప్రయోగం ఉగాండాలో జరిగింది. లివింగ్ గూడ్స్, బ్రాక్ సంస్థల కార్యకర్తలు మందులూ సబ్బూ వంటివి అమ్ముకుంటూ ఆ లాభంతో ఇళ్లు సందర్శించారు. ఆ గ్రామాల్లో ఐదేళ్లలోపు పిల్లల మరణాలు 27 శాతం తగ్గాయని అధ్యయనం తేల్చింది. అమ్మకాలపై వచ్చే కమీషను ఒక్కటే కార్యకర్త బతుకుతెరువుకు చాలుతుందా అన్న వివాదం మాత్రం తెగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఆరోగ్య కార్యకర్తలకు పనికి తగిన వేతనం ఇవ్వాలనీ, ఫలితాన్ని బట్టి ఇచ్చే ప్రోత్సాహకాలే ప్రధాన చెల్లింపు కాకూడదనీ సూచించింది. ఆ వేతనం ఏ బడ్జెట్ నుంచి వస్తుందన్నది 2025 జూలైలో అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడ్డాక చాలా దేశాల్లో తక్షణం తేల్చుకోవాల్సిన ప్రశ్నగా మారింది.