టేకు గుమ్మానికి ఏమీ కాదనుకుంటున్నారా? చెక్క పనిలో రోజూ వినే అపోహలు

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళుగా చెక్క పని చేయిస్తున్నాను. గుమ్మం పాడైపోయింది, వచ్చి చూడండి అని నాకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామందికి ఇంకా గృహప్రవేశం కూడా అయ్యుండదు. దర్వాజా ఎత్తిన ముహూర్తానికీ పాలు పొంగించే రోజుకీ మధ్య ఏడెనిమిది నెలలు ఆ చెక్క ఎండకీ, వానకీ, గోడలు తడిపే క్యూరింగ్ పైపుకీ, కూలీల కాళ్ళకీ ఎదురుగా నిలబడి ఉంటుంది. అసలు నష్టమంతా అప్పుడే జరిగిపోతుంది.

అపోహ: "టేకు పెట్టించాం సార్, దానికేమవుతుంది?"

టేకుకి ఆ పేరు తెచ్చింది చేవ, అంటే దుంగ నడిమి ముదురు చెక్క. దాని పక్కన లేత రంగులో తెల్లచెక్క ఉంటుంది చూడండి, అదీ టేకే, బిల్లులో అదే రేటు పడుతుంది, కానీ చెదలకి అది పెళ్ళి భోజనం. కోసేవాళ్ళు ఆ తెల్లచెక్కని గోడలోకి వెళ్ళే వైపుకి తిప్పేస్తారు, బయటికి కనబడదు. చెదలు వచ్చేది కూడా సరిగ్గా ఆ గోడ వైపు నుంచే. అందుకని గుమ్మం ఎత్తకముందే గోడకి ఆనే వైపులకీ గడప అడుగుకీ చెదల మందు పూసి, అది ఆరాక తారు పూయించండి. గుమ్మాన్ని గోడకి పట్టి ఉంచే ఇనుప పట్టీలు, హోల్డ్ ఫాస్ట్‌లు, బిగించి సిమెంటు వేశాక ఆ వైపు ఇక మన చేతికి దొరకదు.

అపోహ: "గడపకి పసుపు రాస్తే మంచిదే కదా, చెక్కకేం నష్టం?"

పూజ మానమని నేను చెప్పను, మా ఇంట్లోనూ రాశాం. పచ్చి చెక్క మీద రాయడంతోనే చిక్కు. పసుపు చెక్క రంధ్రాల్లోకి దిగిపోతుంది, తర్వాత ప్లాస్టరింగ్‌లో సిమెంటు నీళ్ళు దాని మీద పడతాయి. పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుందని మీకు తెలుసు, సిమెంటు తడిసినా సున్నం వస్తుంది, అందుకే గడప మీద అక్కడక్కడా ఎర్రగా మరకలు తేలతాయి. గీకి గీకి సాండింగ్ చేసినా అడుగున ఇంకిన రంగు పాలిష్‌లోంచి తొంగి చూస్తుంది. ముహూర్తానికి రెండు రోజుల ముందు గడపకి రెండు సార్లు చెక్క రంధ్రాలు మూసే సీలర్ వేసి బాగా ఆరనివ్వండి. ఆ పైన పసుపూ కుంకుమా ఎంత రాసినా మర్నాడు తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

అపోహ: "ప్లాస్టిక్ కవర్ గట్టిగా చుట్టేశాం, ఇక టెన్షన్ లేదు."

ఇది నన్ను ఎక్కువ విసిగించే మాట. గోడకి తడి కావాలి, ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం వారం రోజులు నీళ్ళు పట్టాలి, అందులో మేస్త్రీ తప్పేం లేదు. ఆ నీళ్ళు గుమ్మం పై అడ్డచెక్క మీంచి కవర్ లోపలికి దిగుతాయి, దిగినవి బయటికి పోవు. మే నెల ఎండలో లోపల చెక్క ఇడ్లీ పాత్రలో పెట్టినట్టు ఉడుకుతుంది. కవర్ విప్పేసరికి కింద జానెడు మేర బూజు, నల్ల మరకలు. పైగా కవర్ ఉంది కదా అని తట్ట మోసేవాళ్ళకి భయం కూడా పోతుంది, అంచు పగిలిందో లేదో మనకి తెలియదు.

నేను చేయించేది ఇది. కింది నుంచి నాలుగడుగుల వరకు అంచులకి వేస్ట్ ప్లైవుడ్ బద్దలు ఎల్ ఆకారంలో కలిపి, తాడుతో కడతాం. గుమ్మంలోకి మేకు కొట్టనివ్వను, తడి తగిలితే మేకు చుట్టూ టేకు నల్లగా మారుతుంది. ప్లాస్టిక్‌ని గొడుగులా పైనుంచి వదులుగా వేలాడదీసి, క్యూరింగ్ అయిన సాయంత్రం ఎత్తి కడతాం. గడప మీద రెండు ఇటుకలు అటూ ఇటూ పెట్టి చెక్క పలక వేస్తే దాని మీదనుంచే నడుస్తారు. సిమెంటు పడిందా, ఎండకముందే తుడవాలి. ఇదంతా కలిపి ఒక పూట కూలీ కూడా కాదు.

అపోహ: "కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తే చాలు."

స్లాబు పోసేటప్పుడు కింద పెట్టే సెంట్రింగ్ చెక్కలకి పూసుకోండి. గుమ్మానికి పూస్తే తర్వాత పాలిషూ పట్టదు, పెయింటూ పట్టదు.

అపోహ: "తలుపులు ముందే బిగించేస్తే ఇంటికి భద్రత."

నిజాంపేట వైపు ఒక ఇంట్లో ఓనరు తొందరపెడితే తలుపులు ముందే బిగించాను. తర్వాత టైల్స్ వాళ్ళు వచ్చి నేల యాసిడ్‌తో కడిగి, కిటికీలు మూసేసి వెళ్ళిపోయారు. వారానికి చూస్తే స్టీల్ బందులన్నీ తుప్పు మరకలు, స్టెయిన్‌లెస్ అని డబ్బులు పోసి రాణిగంజ్‌లో కొన్నవే. ఆ యాసిడ్ ఆవిరికి స్టెయిన్‌లెస్ కూడా తట్టుకోదు. మాట పడింది మాత్రం నేను. అప్పటి నుంచి రాళ్ళ పాలిష్, యాసిడ్ కడుగుడు, మొదటి పెయింటు అయ్యాకే తలుపు సైట్‌కి దింపుతాను. భద్రత కావాలంటే పాత తలుపో ప్లైవుడ్ ముక్కో పెట్టి తాళం వేసుకోవచ్చు. ముందే వచ్చిన తలుపులుంటే గోడకి చేరేసి పెట్టకండి, వంగిపోతాయి. సమంగా ఉన్న బద్దల మీద పడుకోబెట్టి, పొడిగా ఉన్న గదిలో ఉంచండి.

అపోహ: "డబ్ల్యూపీసీ గుమ్మానికి ఏ జాగ్రత్తా అక్కర్లేదు."

డబ్ల్యూపీసీ అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసింది. చెదలు పట్టవు, నీటికి ఉబ్బదు, బాత్రూమ్‌కి నేను కూడా అదే చెబుతాను, లేదంటే గ్రానైట్. కానీ దెబ్బ తగిలితే అంచు పెళ్ళలా లేస్తుంది. చెక్కనైతే అతికించి సర్దొచ్చు, దీన్ని సర్దడం కష్టం.

అపోహ: "వానాకాలంలో తలుపు పట్టేసింది, కొంచెం రందా కొట్టిస్తే సరి."

జూలైలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. అప్పుడు రందాతో అంచు చెక్కేస్తే ఏప్రిల్‌కి తలుపు ఎండి కుంచించుకుపోయి, సందు పడి, ఆ సందులోంచి బల్లి దూరుతుంది. ముందు బందుల స్క్రూలు వదులయ్యాయేమో చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తర్వాత తలుపు కింది అంచు కింద ఒక అద్దం పెట్టి చూడండి. పెయింటర్లు నాలుగు వైపులా వేసి కింద వదిలేస్తారు, తేమ ఎక్కేది ఆ పచ్చి అంచు నుంచే. వానలు తగ్గాక తలుపు దింపి, ఎండనిచ్చి, ఆ అంచుకి రెండు సార్లు ప్రైమర్ వేయించండి. అప్పటికీ పట్టేస్తుంటే పిలవండి, రందా తెస్తాను.